హెడ్ బోల్టుల విషయంలో

అల్లుడూ,

ఇంజిన్ హెడ్డు దించినప్పుడు పాత బోల్టులు చూడ్డానికి బాగానే ఉంటే మళ్లీ వేసేయొచ్చా అని అడిగావు. చూపును బట్టి తేల్చే సంగతి కాదురా అది. బిగించిన బోల్టు కంటికి ఆననంత సాగుతుంది, సాగినది వెనక్కి రావాలని లాగుతుంది. ఆ లాగుడే హెడ్డునూ గాస్కెట్టునూ బ్లాకుకు అదిమిపెడుతుంది. పాతకాలపు ఇంజిన్లలో చాలావరకు విప్పగానే బోల్టు మొదటి పొడవుకు వచ్చేస్తుంది. ఇప్పటివాటిలో చాలా ఇంజిన్లకు ముందు కొంత టార్కు పెట్టి, ఆపైన 90 డిగ్రీలో ఇంకెంతో తిప్పమని మాన్యువల్‌లో ఉంటుంది. అలా తిప్పితే ఉక్కు హద్దు దాటి సాగి, కొంత పొడుగు శాశ్వతంగా మిగిలిపోతుంది. అలాంటివి ఒకసారికే అని కంపెనీ రాస్తే, వర్నియర్ ఏం చూపించినా పక్కన పడెయ్యాల్సిందే.

చేతికి అలవాటైతే బిగువు తెలిసిపోతుందని సీనియర్లు అంటారు. వాళ్ల అనుభవం మీద నాకు గౌరవమే. కానీ రెంచి మీద పెట్టిన బలంలో సుమారు పదో వంతే బోల్టును సాగదీస్తుంది, తక్కినదంతా తల కిందా మరల్లోనూ రాపిడికే పోతుంది. మరలకు తుప్పుంటే రెంచి టక్కుమన్నా గాస్కెట్టు మీద ఒత్తిడి చాలదు. పొడిగా బిగించమన్నచోట నూనె రాస్తే అవసరానికి మించి సాగుతుంది. చేతికి తెలిసేది రాపిడే, సాగుడు కాదు.

మళ్లీ వాడొచ్చని మాన్యువల్ ఒప్పుకున్నచోట ఒక్కో బోల్టునూ కడిగి, తల కింది నుంచి కొస దాకా కొలిచి, ఇచ్చిన హద్దుతో పోల్చు. తర్వాత కొత్త నట్టును చేత్తో మరల వెంట నడిపించు. సాఫీగా వెళ్తూ మధ్యలో పట్టేసిందంటే అక్కడ మర సాగింది. మరలకు పైన నడుము సన్నబడినా, తుప్పు గుంటలు పడినా ఇక కొలతే అక్కర్లేదు. బ్లాకులోని రంధ్రాలనూ వదలకు. అడుగు మూసిన రంధ్రంలో నూనో నీళ్లో మిగిలితే, బోల్టు దిగుతుంటే అది పోయేచోటు లేక బ్లాకు పగలొచ్చు. గాలి కొట్టి ఆరబెట్టు. ట్యాపు వేస్తే మర కోసుకుపోతుంది, శుభ్రం చేసే చేజర్ వేరే ఉంటుంది.

పాతవి వేసిన బళ్లు తిరగడం లేదా అంటావు. తిరుగుతాయి, కొన్నాళ్లు. అల్యూమినియం హెడ్డు వేడికి ఉక్కు బోల్టుకన్నా దాదాపు రెట్టింపు పెరుగుతుంది, కాబట్టి ఇంజిన్ వేడెక్కిన ప్రతిసారీ బోల్టు మీద బరువు పెరిగి, చల్లారితే తగ్గుతుంది. అలసిన బోల్టు నెలల తర్వాత పట్టు వదిలితే నీళ్లు ఆయిల్లో కలుస్తాయి. అప్పుడు అందరూ గాస్కెట్టునే తిడతారు, బోల్టు మాట ఎవరికీ గుర్తుకు రాదు. ఖర్చంటావా, మళ్లీ హెడ్డు దించి, ఫేసింగ్ చేయించి, కొత్త గాస్కెట్టు వేసే కూలి ముందు బోల్టుల సెట్టు ధర చిన్నదే.

అందుకని హెడ్డు దించకముందే ఆ ధర ఎస్టిమేటులో రాసి ఓనరుకు చూపించు. మార్చి తీరాలని మాన్యువల్ చెప్పినచోట ఆయన వద్దంటే, ఆ పని ఒప్పుకోకు.

నీ మామయ్య