నీటిలోని కలుపుమందు - వెండి రేణువుల సాక్ష్యము

మన విద్యార్థులలో అనేకులు వ్యవసాయ కుటుంబములనుండి వచ్చినవారే. పొలమున గడ్డిమందు చల్లిన మరునాడు వాన కురిసినచో ఆ మందు ఎచ్చటికి పోవునో ఎన్నడైనను యోచించితిరా? కొంత మట్టిని అంటుకొనును. కొంత వాననీటితో కాలువకు పోవును. కొంత భూమిలోనికి ఇంకి బావులను చేరవచ్చును. అత్యల్పముగా కలిసిన మందువలన నీటి రంగు మారదు. కనుక కన్ను ఇచ్చట పనికిరాదు.

ఎంత స్వల్పమును లెక్కింపవలెనో ముందుగా గ్రహింతము. ఐరోపా సమాఖ్య నియమము ననుసరించి త్రాగునీటిలో ఏ ఒక్క పురుగుమందుగాని, కలుపుమందుగాని లీటరుకు 0.1 మైక్రోగ్రామును మించరాదు. సుమారు రెండున్నర ఎకరముల చెరువులో ఒక మీటరు లోతు నీరున్నదనుకొనుడు. అది కోటి లీటర్లు. అందులో ఒక్క గ్రాము మందు కరిగినచో ఆ హద్దును చేరినట్లే! ఇంత సూక్ష్మమును కొలుచు యంత్రములు పెద్ద ప్రయోగశాలలలో కలవు గాని, అవి మిక్కిలి ఖరీదైనవి. పల్లెకు మోసికొని పోదగినవి కావు.

ఇచ్చట మనకు తోడ్పడునది రామన్ ఫలితము. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సర్ సి.వి. రామన్ కనుగొనినదేమనగా, ఒకే రంగు కాంతి ఒక పదార్థముపై పడి చెదరినపుడు అందులో ఒక స్వల్పాంశము రంగు మార్చుకొనును. ఆ మార్పు అణువులోని కంపనములను బట్టి యుండును గనుక, అది ఆ అణువునకు వ్రేలిముద్ర వంటిది. కాని సుమారు కోటి కాంతికణములలో ఒక్కటి మాత్రమే ఇట్లు మారును. చెరువులోని గ్రాము మందును ఈ మందకాంతితో పట్టుట దుస్సాధ్యము.

1974లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమున ఫ్లైష్మన్, హెండ్రా, మెక్విలన్ అనువారు గరుకు చేసిన వెండిపై పిరిడీన్ అను ద్రవ్యమును పరీక్షింపగా రామన్ కాంతి విశేషముగా హెచ్చినది. గరుకుతనముచే వైశాల్యము పెరుగుటయే కారణమని వారు తలంచిరి. 1977లో ఇతరులు లెక్కవేయగా ఆ వృద్ధి లక్ష రెట్లకు మించినదని, వైశాల్యమొక్కటే దానికి చాలదని తేలినది. తాము కనుగొనినదాని విలువను తామే తక్కువగా ఎంచుట శాస్త్రచరిత్రలో క్రొత్త కాదు.

వెండిలోని స్వేచ్ఛా ఎలక్ట్రానులు కాంతితోపాటు ఊగును. అందుచే రేణువు ఉపరితలమునను, ముఖ్యముగా రెండు రేణువుల నడిమి సందులోను కాంతి కేంద్రీకృతమగును. ఈ నానో రేణువులను చేయుట కష్టము కాదు. వెండి నైట్రేటు ద్రావణమును మరిగించి, సోడియం సిట్రేటు చేర్చి, సుమారు ఒక గంట కాచినచో పసుపు, ఆకుపచ్చలు కలిసిన ద్రవము లభించును. 1982లో లీ, మైసెల్ అనువారు ప్రకటించిన పద్ధతి యిదియే.

ఇక పారాక్వాట్ సంగతి. విరుగుడు లేని విషమిది. దీని అణువునకు ధనావేశము కలదు. సిట్రేటు కప్పిన వెండికి ఋణావేశము కలదు. పరీక్షాద్రవమున కొంచెము ఉప్పు చేర్చినచో రేణువులు గుమిగూడి సందులేర్పడును. ఉప్పులోని క్లోరైడు పారాక్వాట్‌ను వెండి దాపునకు చేర్చును. అపుడు 1645 సంఖ్య సమీపమున దాని రేఖ స్పష్టముగా లేచును.

విద్యార్థులారా, ఇచ్చటనే మెలకువ కావలెను. వెండిని తాకిన అణువే సాక్ష్యమిచ్చును. గ్లైఫోసేట్ సంకేతము బలహీనము. అట్రజిన్ పారాక్వాట్ వలె ఆవేశము కలది కాదు గనుక వెండికి అంత సులభముగా లొంగదు. కుళ్ళిన ఆకులనుండి చెరువునీటిలో కలిసిన పదార్థములు వెండిపై ముందుగానే చోటు నాక్రమించును. కావున స్వేదనజలమున పట్టుబడినంత అల్పపరిమాణము చెరువునీటిలో పట్టుబడదు. రేఖ కనబడినచో మందు కలదనవచ్చును. కనబడనిచో నీరు శుద్ధమని మాత్రము అనరాదు. ఈ భేదమును మరచి చీటీ వ్రాసియిచ్చువాడు త్రాగువారికి కీడు చేసినవాడగును.

ఇంకొక మాట. పారాక్వాట్ బంకమట్టిని గట్టిగా పట్టుకొనును. కావున బురదనీటిని వడగట్టి తేటను మాత్రమే పరీక్షింపరాదు. వడపోత కాగితముపై మిగిలిన మట్టిని దాచి, దానిలోని మందును వేరుగా రాబట్టి చూడవలెను.