కోడింగ్ రాకపోయినా ఏఐ నేర్చుకోవచ్చా? ఇలా మొదలుపెట్టండి

"బీకామ్ చదివాను, ఏఐ నాకు వస్తుందా?" అనే డౌట్ చాలామందికి ఉంటుంది. వస్తుంది. వేలకు వేలు పోసి కోర్సు కొనే ముందు, ఒక గంట ఈ పని చేసి చూడండి.

గూగుల్ వారి టీచబుల్ మెషిన్ సైట్ ఓపెన్ చేయండి. ఫ్రీ, కోడింగ్ అక్కర్లేదు. ఇమేజ్ ప్రాజెక్ట్ తీసుకుని ఒక క్లాస్‌లో టైప్-సి కేబుల్ ఫోటోలు, ఇంకో క్లాస్‌లో మైక్రో యూఎస్‌బీ కేబుల్‌వి ఓ 50 చొప్పున ఫోన్‌తో తీసి అప్‌లోడ్ చేయండి. 'ట్రైన్ మోడల్' నొక్కితే కాసేపట్లో రెడీ.

అసలు మజా ఇక్కడే. టైప్-సి ఫోటోలన్నీ టేబుల్ మీద, మిగతావి మంచం మీద తీశారనుకోండి. మోడల్ కేబుల్‌ని వదిలేసి దుప్పటిని గుర్తుపట్టడం నేర్చుకునే ఛాన్స్ ఉంది! కేబుళ్ల చోటు అటూ ఇటూ మార్చి చూపిస్తే దొరికిపోతుంది. అప్పుడు రెండింటినీ రకరకాల చోట్ల, వేర్వేరు వెలుతురులో తీసి మళ్లీ ట్రైన్ చేయండి. డేటాలో బయాస్ అంటే ఇదే. దీనికి మ్యాథ్స్ ఏమీ పట్టలేదు కదా.

నచ్చితే హెల్సింకి యూనివర్సిటీ భాగస్వామిగా 2018లో వచ్చిన 'ఎలిమెంట్స్ ఆఫ్ ఏఐ' కోర్సు చేయండి, అదీ ఫ్రీనే. పైథాన్ ఆ తర్వాత చూసుకోవచ్చు. కాగిల్‌లో ఉచిత పాఠాలున్నాయి. గూగుల్ కోలాబ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది కాబట్టి గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనకండి.