మార్కులు కొలువలేని విద్య

విద్యార్థుల కెల్లరకు ఒకే ప్రశ్నపత్రమిచ్చి, ఒకే గడువులో వ్రాయించి, ఒకే పద్ధతిని మార్కులు వేయుటను ప్రామాణిక పరీక్ష యందురు. భూస్వామి బిడ్డకును కూలివాని బిడ్డకును ప్రశ్న యొక్కటియే యగుట దాని సుగుణము. అయినను దానియందు మూడు లోపములు గలవు. వానిని మన ప్రాంతపు చరిత్రమునుండియే తెలిసికొందము.

మొదటిది: పరీక్ష యొకదానిని కొలువబోయి మఱియొకదానిని కొలుచును. నిజాము రాజ్యమున ఉన్నతవిద్యకు ఉర్దూయే ప్రధాన బోధనాభాషగా నుండెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను అదియే పద్ధతి. ఇంట తెలుగు మాటలాడు బాలుడు గణితమును, చరిత్రమును ఉర్దూలో వ్రాయవలసివచ్చెను. లెక్క తెలిసియు మాట తోచక తప్పినవాని మార్కులు వాని గణితజ్ఞానమును తెలుపగలవా? అందుచేతనే మాతృభాషలో విద్య గఱపవలెనని నాటి పెద్దలు పట్టుబట్టిరి. ఈ కోరిక కోరిన ఆంధ్రమహాసభ 1941లో మన చిలుకూరుననే రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతను సమావేశమయ్యెను.

రెండవది: లక్షలకొలది పత్రములను దిద్ది, మార్కులు నమోదు చేయునపుడు పొరపాటు దొరలుట. 2019 ఏప్రిలు 18వ తేదీన తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడెను. ఒక విద్యార్థినికి తెలుగులో సున్న వచ్చినట్లు చూపిరి. పునఃపరిశీలింపగా ఆమెకు వచ్చినవి 99 మార్కులని తేలెను. తప్పిరని ప్రకటింపబడినవారిలో వేయిమందికి పైగా పిదప ఉత్తీర్ణులైరి. అయితే ఆ కొలది దినములలోనే ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు గోలుపోయిరి. తప్పు అంకెను దిద్దవచ్చును గాని, పోయిన ప్రాణమును మరల తేజాలము.

మూడవది: పరీక్షయే సర్వస్వమైనచోట బోధన కుంచించుకొనిపోవును. పరీక్షలో రానిది తరగతిలోనికిని రాదు. ప్రయోగములు, చిత్రలేఖనము, స్వయముగా ప్రశ్నించుట మూలబడి, ముఖ్యప్రశ్నల కంఠపాఠమే చదువనిపించుకొనును.

అయినచో పరీక్షలను మానివేయవలెనా? 2020లో కరోనా వ్యాధి కారణమున పదవ తరగతి పరీక్షలు నడుమ నిలిచిపోగా, పాఠశాలలిచ్చిన అంతర్గత మార్కులనుబట్టి 5 లక్షల 34 వేలకు పైగా విద్యార్థులను ఉత్తీర్ణులనుగా ప్రకటించిరి. వారిలో లక్షమందికి మించి అత్యున్నతమైన 10 జీపీఏ పొందిరి. ఇందఱు సరిసమానులని యెవరు నమ్మగలరు? కావున ఉపాధ్యాయుని మార్కులకును తనిఖీ యవసరమే. పరీక్ష యుండవలెను, అది యొక్కటియే యుండరాదు. ఏడాది పొడవునను విద్యార్థి చేసిన పనిని నిజాయితీతో నమోదు చేసి, దానిని పరీక్షతో జోడించి చూచుటయే మంచిది.

సాగరు ఎడమకాలువ క్రింద వరి పండించు మన రైతులకు తెలియని దేమున్నది? ధాన్యమెంతయో మానిక చెప్పును. ఆ గింజ మొలకెత్తునో లేదో చెప్పజాలదు.

విద్యార్థులారా, శ్రద్ధతో చదువుడు, అంకెకు వెఱవకుడు. అనుమానమున్నచో పునఃపరిశీలన కోరుడు. మనసు క్రుంగినచో పెద్దలతో చెప్పుకొనుడు. తల్లిదండ్రులారా, ఫలితములు వచ్చిన దినమున మార్కుల పట్టీకంటె ముందు మీ బిడ్డ ముఖమును చూడుడు.