కొనేవాడు ఒక్కడే ఉన్న విద్య

రాబర్ట్‌సన్‌పేట, కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కె.జి.ఎఫ్.)

చి. అమ్ములుకు,

నీ ఉత్తరం చదివాను. ఒరాకిల్ డేటాబేస్ మీద చెయ్యి తిరిగిందో లేదో ఆఫీసు మొత్తాన్ని క్లౌడ్‌కు మార్చేస్తున్నారనీ, క్వెరీలు ఏఐ రాసేస్తోందనీ, డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) అన్న ఉద్యోగమే ఉంటుందో ఉండదోననీ దిగులు పడ్డావు. పని మూతపడటం మన ఊరికి కొత్త కాదు కాబట్టి ఆ దిగులు నాకు అర్థమవుతుంది.

మీ తాత చాంపియన్ రీఫ్ గనిలో మంచి పనిమంతుడు. నూట ఇరవై ఏళ్లలో 800 టన్నులకు పైగా బంగారం ఇచ్చిన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. తాత నేర్పు తక్కువదేం కాదు, కానీ దాన్ని కొనేవాడు ఒక్కడే. వాడు దుకాణం కట్టేశాక మారికుప్పంలో రైలెక్కి బెంగళూరులో ఏ పని దొరికితే ఆ పనికి వెళ్లినవాళ్లు ఎందరో.

అదే గనుల్లో ఇంకో విద్య కూడా పెరిగింది. మూడు కిలోమీటర్లకు పైగా లోతున ఒత్తిడికి తట్టుకోలేక రాయి ఉన్నట్టుండి పగిలేది. దాన్ని రాక్ బర్స్ట్ అనేవారు. అది ఎందుకు, ఎక్కడ వస్తుందో కనిపెట్టే ప్రయత్నంలో పుట్టిన అనుభవం ఉన్న ఊరు కనుకే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్ 1988లో ఇక్కడ మొదలైంది. గనులు పోయాక కూడా జలవిద్యుత్ సొరంగాలు తవ్వేవాళ్లకు, బొగ్గు గనులవాళ్లకు ఆ విద్యతో అవసరం తీరలేదు.

అలాగే నీకు వచ్చిన పనిలో కొనేవాడు ఒక్కడే ఉన్నది ఏదో, చాలామంది ఉన్నది ఏదో చూసుకో. నేను డీబీఏగా చేరిన కొత్తల్లో డేటాకు కేటాయించిన టేబుల్‌స్పేస్ ఎక్కడ నిండిపోతుందోనని రాత్రిళ్లు కాపలా కాసేవాళ్లం. ఫలానా కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఏ పారామీటర్ ఎంత పెట్టాలో కంఠతా వచ్చినవాడు మాకు హీరో. 2009లో డేటాబేస్ నిర్వహణను తానే చూసుకునే అమెజాన్ ఆర్‌డీఎస్ వచ్చింది, 2017లో ఒరాకిల్ తన అటానమస్ డేటాబేస్‌ను ప్రకటించింది. ఆ కాపలా పని చాలావరకు మెషీనే చేసుకుంటోంది. పోనీ, నిద్ర మిగిలింది.

కానీ 1970లో కాడ్ చెప్పిన రిలేషనల్ మోడల్, 1974లో ఐబీఎంలో చాంబర్లిన్, బోయ్స్ మొదలుపెట్టిన ఎస్‌క్యూఎల్ ఇవాళ్టికీ అన్నం పెడుతున్నాయి. ఇండెక్స్ ఎందుకు పనిచేయలేదు, రెండు ట్రాన్సాక్షన్లు ఒకదాన్నొకటి ఎందుకు పట్టుకు కూర్చున్నాయి అన్న ప్రశ్నలు ఒరాకిల్‌లోనూ ఉన్నాయి, పోస్ట్‌గ్రెస్‌లోనూ ఉన్నాయి, క్లౌడ్‌లోనూ ఉన్నాయి. క్వెరీ ఏ దారిలో నడుస్తుందో చూపే ఎగ్జిక్యూషన్ ప్లాన్ చదవడం గట్టిగా నేర్చుకో.

అంతకన్నా పెద్దది, డేటాకు అర్థం తెలియడం. గనులు మూతపడిన ఆ కాలంలోనే కర్ణాటక 'భూమి' పథకం కింద దాదాపు 2 కోట్ల పహణీలు (రైతుల భూమి రికార్డులు) కంప్యూటర్‌కెక్కాయి. తాలూకా ఆఫీసు కిటికీ దగ్గర పదిహేను రూపాయలిస్తే ప్రింటు చేతికొచ్చేది, చేతిరాత పహణీకి చెల్లుబాటు పోయింది. మన ముళబాగిలు, శ్రీనివాసపుర పల్లెల్లో పేర్ల సంగతి నీకు తెలియనిదా? ఒక జాబితాలో మునివెంకటప్ప, ఇంకోదాంట్లో మునెంకటప్ప, మూడోదాంట్లో ఎం. వెంకటప్ప. ముగ్గురా, ఒక్కడేనా? తండ్రి పేరు, సర్వే నంబరు పక్కపక్కన పెట్టి చూడాలి, అప్పటికీ తేలకపోతే ఊళ్లోకి వెళ్లి అడగాలి. ముగ్గురినీ కలిపే క్వెరీ ఏఐ క్షణంలో రాసిస్తుంది. తప్పుగా కలిపితే ఒకడి పొలం ఇంకొకడి ఖాతాలో పడుతుంది. ఆ కలపడం సరైనదేనని పూచీ పడి సంతకం పెట్టేవాళ్లు కావాలి. జీతం ఆ పూచీకే.

కాబట్టి ఏఐతో పోటీ పడకు, దాన్ని వాడుకో. అది రాసిన క్వెరీని ముందు జవాబు నీకు తెలిసిన చిన్న డేటా మీద నడుపు. ఖాళీ గడులు, డూప్లికేట్లు కావాలనే పెట్టి చూడు. ఆఫీసులో అకౌంట్స్‌వాళ్లతో, గోడౌన్‌వాళ్లతో కూర్చుని ఒక్కో కాలమ్ వాళ్ల పనిలో ఏమిటో అడిగి రాసుకో. క్లౌడ్‌కు మార్చే పనిలో నువ్వే ముందు చెయ్యెత్తు, వెనకబడ్డవాళ్లకు మిగిలేది పాత సర్వర్ కాపలా.

ఈ నెలలోనే ఒక పని చెయ్యి. మీ బ్యాకప్ తీసుకుని వేరే మెషీన్ మీద రిస్టోర్ చెయ్యి. ఎంతసేపు పట్టింది, ఏం రాలేదు అన్నది కాగితం మీద పెట్టి మీ మేనేజర్‌కు ఇవ్వు. ఆయన ఏమన్నాడో నాకు రాయి.

ఆశీస్సులతో,
నీ మామయ్య