ఐదింట రెండు వంతులు

ఫోరియర్ సిరీస్‌తో కుస్తీ పట్టే మనకి ఆరో తరగతి భిన్నాల మీద వ్యాసం ఏంటని నవ్వుకోకండి. పార్షియల్ ఫ్రాక్షన్స్‌లో మనం చేసేది కూడా ఆ పనే, కాకపోతే తిరగేసి. పైగా ఇది సగం లెక్కల పాఠం, సగం తెలుగు పాఠం. కాబట్టి మన క్లబ్ పత్రికలో దీనికి చోటుందనుకుంటున్నా.

మాది బోయిగూడ. కలప డిపోల మధ్య ఇల్లు. పక్కింటి పిల్లాడు ఆరో తరగతి, ఇంగ్లీష్ మీడియం. సాయంత్రం నా దగ్గర లెక్కలు చేసుకుంటాడు. మొన్నొక రోజు 1/2 + 1/3 = 2/5 అని వేశాడు. "పైన పైన కలిపిన, కింద కింద కలిపిన. తప్పేముందన్నా?" అన్నాడు. పరీక్షలో సున్నా వచ్చిందట. "నాకు లెక్కలు రావు, నాన్నతో డిపోకే పోత" అని తేల్చేశాడు కూడా.

వాడికి సగం, పావు తెలియవా అంటే బాగా తెలుసు. హోటల్లో వన్ బై టూ చాయ్ చెప్తే కప్పులో ఎంతొస్తుందో తెలుసు. నాన్న టేపు పట్టుకుని "మూడు సూత్‌లు తక్కువుంది" అంటే ఎంతో తెలుసు. నోట్‌బుక్‌లో 1/2 కనబడగానే మాత్రం అది ఒక సంఖ్య కాకుండా, గీతకి పైనొకటి కిందొకటి రెండు సంఖ్యలైపోతుంది. రెండు సంఖ్యలైతే విడివిడిగా కలపడం న్యాయమే కదా!

అందుకే ముందు చదవడం మార్చాం. 2/5ని "టూ బై ఫైవ్" అనొద్దు, "ఐదింట రెండు వంతులు" అను అన్నాను. తెలుగు ఇక్కడ ఎంత తెలివైందో చూడండి. ఎన్ని సమాన భాగాలు చేశామో ముందు చెప్తుంది, అందులో ఎన్ని తీసుకున్నామో తర్వాత చెప్తుంది. హారం ముందు, లవం తర్వాత. చేతితో పని చేసే వరుస కూడా అదే: ముందు కోస్తాం, తర్వాత తీసుకుంటాం.

తర్వాత ఒకే ప్రశ్న అడిగా: "ఐదింట రెండు వంతులు సగం కంటే ఎక్కువా, తక్కువా?" కాసేపు ఆలోచించి తక్కువ అన్నాడు. "మరి సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గిందేంటి?" వాడే నవ్వాడు. తప్పని నేను చెప్పక్కర్లేకుండా పోయింది.

ఇక టేపు తీశాం. అంగుళానికి 8 సూత్‌లు. అర అంగుళానికి 3 సూత్‌లు కలిపితే? అర అంటే 4 సూత్‌లు, మొత్తం 7. అంటే 1/2 + 3/8 = 7/8. వాడు నోటితో చేసేశాడు. రెంటినీ ఒకే కొలతలోకి తెచ్చాకే కలిపాడు, చేశానని వాడికి తెలియకుండానే. మరి 1/2 + 1/3? సూత్‌లు పనికిరావు, ఎనిమిదిని మూడు భాగాలు చేయలేం. అడుగు పనికొస్తుంది. సగం అడుగు 6 అంగుళాలు, మూడో వంతు 4 అంగుళాలు. మొత్తం 10, అంటే పన్నెండింట పది వంతులు. రెండేసి అంగుళాలు ఒక ముక్క అనుకుంటే ఆరింట ఐదు: 5/6. ఆ 6నే బడిలో క.సా.గు. అంటారు. రెండు భిన్నాలకీ సరిపడే అతి చిన్న హారం అన్నమాట.

ఈ ఉపాయం కొత్తదేం కాదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు 'గణితసారసంగ్రహం'లో భిన్నాలు కలపడానికి దీన్నే 'నిరుద్ధం' అన్న పేరుతో వాడాడు. ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. అంటే భిన్నాలకి మన సాహిత్యంలో చాలా పాత చోటే ఉంది.

మాటల్లో ఇంకా ఎక్కువుంది. నాలుగో వంతు పావు లేదా కాలు, అందులో నాలుగో వంతు వీసం, అంటే 1/16. "వీసమెత్తు సందేహం లేదు" అనేటప్పుడు మనం వాడేది భిన్నమే. 1957లో దశాంశ పద్ధతి వచ్చేదాకా రూపాయికి 16 అణాలు. కాబట్టి "పదహారణాల తెలుగు" అంటే 16/16, పూర్తిగా ఒకటి. పాత తెలుగు లెక్కల్లో ఈ నాలుగో వంతుల వరుసకి ప్రత్యేక గుర్తులే ఉండేవి. 2008లో అవి యూనికోడ్‌లో కూడా చేరాయి.

గుణకారం కూరగాయల బండి దగ్గర దొరికింది. అద్దపావు అంటే పావులో సగం: 1/2 × 1/4 = 1/8. కిలోలో 125 గ్రాములు. గుణకారం గుర్తుని "లో" అని చదివితే, గుణిస్తే జవాబు ఎందుకు తగ్గిందన్న భయం పోతుంది. భాగహారం మళ్ళీ డిపోలో. 3 అడుగుల చెక్కలో అర అడుగు ముక్కలు ఎన్ని? ఆరు. 3 ÷ 1/2 = 6. తిరగేసి గుణించడం ఎందుకో ఇక్కడే తెలుస్తుంది: ఒక్కో అడుగులో రెండేసి అరలున్నాయి మరి. "రంపం కోతకి పోయేది ఎవరు లెక్కేస్తరు?" అని వాళ్ళ నాన్న పక్కనుంచి అడ్డుపడ్డారు. న్యాయమైన అభ్యంతరమే!

వాడికిప్పుడు అన్నీ వచ్చేశాయని చెప్పను. తీసివేతల్లో ఇంకా తడబడతాడు. కానీ జవాబు రాశాక "ఇది సగం కంటే ఎక్కువ రావాలె కదన్నా" అని తనే చూసుకుంటున్నాడు. డిపోకి పోతానన్న మాట ఈమధ్య వినబడలేదు. ఇంగ్లీష్ మీడియం మంచిదా చెడ్డదా అన్న వాదన నాది కాదు. న్యూమరేటర్, డినామినేటర్ నేర్చుకోవాల్సిందే. వాటి వెనక వంతు, పావు, అద్దపావు ఉంటే పిల్లవాడికి పట్టు దొరుకుతుందనే నా మాట.

చివరగా మీకో హోంవర్క్. మహావీరుడి సూత్రంతో వచ్చే లెక్క ఇది: 1/2 + 1/3 + 1/9 + 1/18. కాలిక్యులేటర్ వద్దు. మీ ఇంట్లోనో వీధిలోనో ఉన్న ఆరో తరగతి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, "పద్దెనిమిదింట ఎన్ని వంతులు?" అని అడుగుతూ చేయండి. జవాబు పదహారణాలా వస్తుంది.