గ్రహింపుతో పాడుట

పఠనభాగములు: 2 దినవృత్తాంతములు 5:11-14; నిర్గమకాండము 12:29-30; 32:15-20; 1 కొరింథీయులకు 14:15

పదునారు, పదునేడేండ్ల వయస్సున విన్న పాట మనుష్యుని సులభముగా విడువదు. నడివయస్సున చదివిన పుస్తకములు మరపునకు రావచ్చును గాని, ఆ వయస్సున నలుగురితో కలిసి గొంతెత్తి పాడినది ముదిమివరకు వెంటవచ్చును. కావున మన పిల్లలు ఏమి వినుచున్నారు, విన్నదానిని ఎట్లు గ్రహించుచున్నారు అను ప్రశ్న ప్రతి గృహమునకును చెందినది. ఈ మాసపు పాఠమునకు మేమెరిగిన ఒక సంగీత సభను ఉదాహరణముగా తీసికొనుచున్నాము.

1. సభ జరిగిన విధము

2011వ సంవత్సరము అక్టోబరు 30వ తేది, ఆదివారము, అమెరికా దేశపు 'మెటాలికా' అను రాక్ సంగీత బృందము బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్సులో పాడెను. 1981లో లాస్ ఏంజిలిస్ నగరమున ఏర్పడిన ఈ బృందము మన దేశమున సభ చేయుట అదే మొదటిసారి. బేగంబజారు గల్లీలలో పెరిగిన మేము కొందరము ముందునాటి రాత్రి కాచిగూడ స్టేషనులో రైలెక్కి వెళ్లితిమి. మాలో గిన్నెల దుకాణదారుల బిడ్డలు, కిరాణా గోదాములలో లెక్కలు వ్రాయువారి బిడ్డలు ఉండిరి. ఇండ్లలో తెలుగు, మార్వాడీ, ఉర్దూ మాటలాడువారము.

ఇత్తడి గిన్నెల మోత, హమాలీల కేకలు, తోపుడుబండ్ల రొద నడుమ పెరిగిన చెవులు మావి. అయినను అట్టి ధ్వని మేమెన్నడును వినియుండలేదు. డ్రమ్ము దెబ్బ చెవికంటె ముందు రొమ్మునకు తగిలెను. వాన కురిసి నేల బురదయైనను జనులు కదలలేదు. ప్రక్కనున్నవాని ఊరేదో, భాషయేదో తెలియదు; వేలమంది ఒకే పల్లవి నెత్తుకొనగా మేమును వారిలో ఒకరమైతిమి. ఆ సంతోషము నిజమైనది. పెద్దలు దానిని లేదనిన పిల్లలు నమ్మరు.

2. ఒక్కటగుటలోని బలము

సొలొమోను మందిర ప్రతిష్ఠ దినమున నూట ఇరువదిమంది యాజకులు బూరలూదిరి. గాయకులును వారును కలిసి ఒకే స్వరముగా వినబడిరని మన మొదటి పఠనభాగము తెలుపుచున్నది. సీనాయి కొండ దిగుచున్న యెహోషువ చెవినిబడినదియు గొప్ప ధ్వనియే. అతడు దానిని యుద్ధ ఘోషయని తలంచెను; మోషే దానిని పాటయని గుర్తెరిగెను. అది దూడయెదుట పాడిన పాట. రెండు తావులను జనులు ఏకమైరి, రెండు తావులను ధ్వని గొప్పది. కాబట్టి ధ్వని పెద్దదగుటయు, జనులు ఏకమగుటయు తమంతట తామే మంచికిగాని చెడుకుగాని సాక్ష్యము కానేరవు.

ఇందుకు దృష్టాంతము 2011లోనే కలదు. బెంగుళూరు సభకు రెండు దినములు ముందు, అక్టోబరు 28న, ఇదే బృందము నేటి గురుగ్రామ్‌లో పాడవలసియుండెను. వేదిక ముందరి కంచె విషయమై భద్రత లేదని సభను వాయిదా వేసిరి. కాచియుండిన జనులలో కొందరు ఆగ్రహించి వేదికమీదికెక్కి పరికరములను పగులగొట్టిరి. తుదకు సభయే రద్దాయెను. బృందమొక్కటే, పాటలవియే, ఒకచోట పాట మొదలు కాకమునుపే ధ్వంసము, వేరొకచోట వానలో ఓర్పు. గుంపులో నిలిచినను ప్రతివాడు తన చేతులకు తానే బాధ్యుడు.

3. మాటలెరుగని పాట

మేము తిరిగివచ్చిన దినమున మా గల్లీలోని పెద్దమ్మ ఒకామె, "ఏం పాటలు పాడిండ్రు బిడ్డా? మాకు గూడ జర చెప్పుండ్రి" అని అడిగెను.

"మాటలు యాదికి లేవు పెద్దమ్మా, చప్పుడే యాదికున్నది" అంటిమి.

"మాటలు తెల్వకుండనే గొంతు పోయేటట్టు అరిసొచ్చిండ్రా!" అని ఆమె నవ్వెను.

ఆమె నవ్వులో ఒక పాఠమున్నది. ఆ రాత్రి విన్న పాటలలో 'క్రీపింగ్ డెత్' అనునది ఒకటి. అది 1984లో వెలువడిన 'రైడ్ ది లైట్నింగ్' అను ఆల్బములోనిది. దాని విషయము నిర్గమకాండములోని తొలిచూలు సంహారము. సంహారకుడే చెప్పుచున్నట్లు వ్రాయబడినది. 1956 నాటి 'ది టెన్ కమాండ్‌మెంట్స్' చిత్రము చూచుచుండగా ఆ పాటకు ఊహ పుట్టెనని చెప్పుదురు. పాట నడుమ చావుమని అర్థమిచ్చు ఒక్క మాటను జనులందరు పిడికిళ్లెత్తి కేకవేయుట ఆ బృందపు సభలలో వాడుక. ఆ కేక మేమును వేసితిమి.

కొన్ని ఏండ్లకు నిర్గమకాండము పండ్రెండవ అధ్యాయము చదువుచు, ఐగుప్తులో ఆ రాత్రి ఇంటింట లేచిన రోదనమునొద్ద మేము ఆగిపోతిమి. మేము కేకవేసిన మాట ఆ తల్లుల యేడ్పునకు సంబంధించినది. ఆ పాటను నేటికిని వినుచున్నాము. పాట మారలేదు, విను విధము మారినది. ఆత్మతో మాత్రమేగాక మనస్సుతోను పాడవలెనని పౌలు కొరింథు సంఘమునకు బోధించినది ఇందుకే గదా? ఇది రాక్ పాటకు మాత్రమే చెందిన బోధ కాదు. అర్థము తలపోయక ఏండ్ల తరబడి మనము పాడు కీర్తనలకును ఇదే కొలత.

4. చెవిని గూర్చి ఒక మాట

మరునాటి సాయంత్రము వరకు మా చెవులలో గుయ్యిమను శబ్దము వదలలేదు. అది చెవికి శ్రమ కలిగినదనుటకు గురుతు. సంగీత సభలలో ధ్వని పదునైదు నిమిషముల సగటున 100 డెసిబెల్సు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణము నిర్ణయించినది. స్పీకర్లకు ఎడముగా నిలుచుట, చెవులలో మెత్తని బిరడాలు ఉంచుకొనుట, నడుమ కొంతసేపు వెలుపలికి వచ్చుట మంచిది. మన పండుగల మైకులకును, పెండ్లి ఊరేగింపుల బాక్సులకును ఇదే జాగ్రత్త అవసరము.

తలిదండ్రులారా, సభకు పోయివచ్చిన బిడ్డను గద్దింపకమునుపు ఆ పెద్దమ్మవలె అడుగుడి: ఏమి పాడిరి? యౌవనులారా, ఆ ప్రశ్నకు జవాబు తెలిసికొని పాడుడి.

చర్చకు ప్రశ్నలు

1. మందిరమునొద్ద పాడిన పాటకును, దూడయెదుట పాడిన పాటకును భేదమెక్కడ నున్నది?
2. గుంపులో నున్నప్పుడు మనము ఒంటరిగా చేయని పని చేసిన సందర్భమేది?
3. మీకు కంఠస్థమైన ఒక పాటను తీసికొని, దాని అర్థమును మీ యింటివారికి మీ మాటలలో చెప్పగలరా?