పందికొక్కు ఇంగ్లిష్‌లోకి ఎప్పుడు చేరింది?

నవా రాయపూర్ చుట్టూ ఉన్న వరి పొలాల్లోనైనా, గోదావరి డెల్టాలోనైనా కోతల కాలంలో రైతుకు ఎదురయ్యే దొంగ ఒకటే. గట్ల కింద బొరియలు తవ్వి, కంకులు కొరికి, గింజల్ని లోపల దాచుకునే పందికొక్కు. హిందీలో దీన్ని ‘ఘూస్’ అంటారు. ఆ మాటకే లంచం అనే అర్థం కూడా ఉంది. ప్రజల సొమ్మును పందికొక్కుల్లా మేస్తున్నారని తెలుగులో తిట్టేవారికి ఈ పోలిక వింతగా అనిపించదు.

ఇంగ్లిష్‌లో ఈ జంతువు పేరు ‘బాండికూట్’. అది తెలుగు మాటే. పంది, కొక్కు కలిసిన పేరులో ‘ప’ కాస్తా ‘బ’ అయింది, చివరి ‘కొక్కు’ కూడా మారిపోయింది. ఇంగ్లిష్ నిఘంటువులన్నీ ఈ తెలుగు మూలాన్ని ఒప్పుకుంటాయి. తేలాల్సిందల్లా ఆ మాట ఇంగ్లిష్‌లోకి ఎప్పుడు వెళ్లిందన్నదే.

ఇలాంటి ప్రశ్నలకు జవాబు వెతికే పద్ధతిని 19వ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు స్థిరపరిచింది. సంపాదకుడు జేమ్స్ మర్రే పిలుపు మేరకు వేలమంది పాఠకులు పాత పుస్తకాలు చదివి, ఒక్కో మాట కనిపించిన వాక్యాన్ని చీటీపై రాసి పంపారు. వాటిని తేదీల వారీగా పేర్చి, అన్నిటికంటే పాతదాన్ని ముందు పెట్టారు. మొదటి భాగం 1884లో వస్తే, మొత్తం పూర్తయ్యేసరికి 1928 అయింది. భారతదేశం నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లిన మాటల కోసం హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ తయారుచేసిన ‘హాబ్సన్-జాబ్సన్’ 1886లో వెలువడింది. బర్నెల్ మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన అధికారి. పుస్తకం అచ్చయ్యే నాటికి ఆయన బతికి లేరు.

అయితే నిఘంటువు ఇచ్చే తేదీ మాట పుట్టిన రోజు కాదు. అది శిలాజం లాంటిది. ఒక జీవి శిలాజం ఫలానా పొరలో దొరికిందంటే, ఆ కాలానికి ఆ జీవి ఉందని మాత్రమే రుజువు. అంతకు ముందు లేదని కాదు. ఇంకా లోతైన పొరలో మరొకటి దొరికితే తేదీ వెనక్కి జరుగుతుంది. మాటలకూ అంతే.

హాబ్సన్-జాబ్సన్‌లో ‘బాండికూట్’ అన్న పేరుతో కనిపించే పాత ఉదాహరణ 1789 నాటిది. కోరమాండల్ తీరంలో జరిగిన యుద్ధాల గురించి ఇన్నెస్ మన్రో అనే సైనికాధికారి రాసిన పుస్తకంలోది. తమాషా ఏమిటంటే, ఆయన బాండికూట్, కస్తూరి ఎలుక ఒకటేనన్నట్టు రాసి, దాని దుర్వాసన గురించే ఎక్కువగా విసుక్కున్నారు. ఆ వాసన పందికొక్కుది కాదు, చుంచుది. చుంచు అసలు ఎలుకల జాతికే చెందదు. పురుగుల్ని తినే వేరే వంశం. అంటే మాటకు దొరికిన సాక్ష్యమే జంతువును పొరబడింది. మాటకు తేదీ ఇవ్వడంలో ఆ సాక్ష్యం పనికొస్తుంది కానీ జంతుశాస్త్రానికి పనికిరాదు.

పేరు లేని వర్ణనలైతే ఇంకా వెనక్కి వెళ్తాయి. 14వ శతాబ్దంలో భారతదేశానికి వచ్చిన క్రైస్తవ సన్యాసి జోర్డానస్ నక్కలంత ఎలుకల గురించి రాశారు. దేవగిరి కోట చెరసాలల్లో పిల్లుల కంటే పెద్ద ఎలుకలు ఉండేవని ఇబ్న్ బతూతా రాశారు. ఇవి జంతువు గురించిన సాక్ష్యాలే తప్ప మాట గురించినవి కావు. ఈ రెండిటినీ కలిపేయకపోవడం నిఘంటుకారుడికి మొదటి జాగ్రత్త.

ఇంగ్లిష్‌లో చేరాక ఈ మాట ఊరుకోలేదు. ఆస్ట్రేలియాకు వెళ్లిన ఆంగ్లేయులు అక్కడ పొడవాటి మూతితో నేలను తవ్వే చిన్న జంతువును చూసి దాన్నీ బాండికూట్ అన్నారు. అది ఎలుక కాదు, కంగారూ మాదిరి సంచి ఉన్న జీవి. సంచి మూతి మాత్రం వెనక్కి తిరిగి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి పడకుండా. కొన్ని జాతుల గర్భధారణ కాలం పన్నెండున్నర రోజులే, క్షీరదాల్లో అతి తక్కువ కాలాల్లో ఇదొకటి. 1996లో వచ్చిన ‘క్రాష్ బాండికూట్’ వీడియో గేమ్‌లో కథానాయకుడు ఈ ఆస్ట్రేలియా జంతువే. అది ఆడిన తెలుగు పిల్లల్లో ఎంతమందికి అది పందికొక్కని తెలుసో! మురుగు కాలువల మ్యాన్‌హోళ్లను శుభ్రం చేసేందుకు కేరళ సంస్థ జెన్‌రోబోటిక్స్ 2018లో తెచ్చిన రోబోకూ బాండికూట్ అనే పేరు పెట్టారు.

శాస్త్ర నామాల్లోనూ తెలుగు ఉంది. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే పందికొక్కుల ప్రజాతికి ‘బాండికోటా’ అని పేరు పెట్టారు. పొలాల్లో తిరిగే చిన్న పందికొక్కు శాస్త్ర నామం బాండికోటా బెంగాలెన్సిస్. దానికంటే ముందే, 1816లో, ఫ్రెంచ్ పక్షి శాస్త్రవేత్త వియ్యో ఒక పక్షి ప్రజాతికి ‘పిట్టా’ అని పెట్టారు. మనకు ప్రతి చిన్న పక్షీ పిట్టే. శాస్త్రానికి మాత్రం అది రంగురంగుల, పొట్టి తోక గల ఒక ప్రత్యేక పక్షి, హిందీవాళ్లు నవరంగ్ అనేది. లినేయస్ 1766లో దాన్ని కాకుల ప్రజాతిలో చేర్చాడు! మధ్య భారత అడవుల్లో వానాకాలంలో గూళ్లు కట్టి, చలికాలానికి దక్షిణాదికి వెళ్తుంది.

ఇక 1789 తేదీ విషయం. దామెర్ల నాయకుల నుంచి ఈస్టిండియా కంపెనీ మద్రాసు స్థలం పొందింది 1639లో. గోదాముల్లో బియ్యం నిల్వ చేసుకుంటూ, తెలుగువాళ్లతో వ్యాపారం చేస్తూ 150 ఏళ్లు గడిపినవాళ్లు ఈ పేరు వినకుండా ఉంటారా? ఉత్తరాల్లోనో, సరుకు నష్టాల లెక్కల్లోనో ఎవరో ఒకరు రాసే ఉండొచ్చు. అప్పట్లో స్పెల్లింగ్ ఎవరి చెవికి తోచినట్టు వారిది కాబట్టి, డిజిటల్ ప్రతుల్లో ఇప్పటి స్పెల్లింగ్‌తో వెతికితే అవి దొరకవు. ‘పండికోక్’, ‘బందీకూక్’ లాంటి రూపాలన్నీ ఊహించి వెతకాలి. పంది వేరు, కొక్కు వేరు అని విడదీసి వినగలిగే చెవి ఉన్నవాళ్లకు ఆ పని సులువు.